చలికీ ఒక చిట్టా

నవంబరు నెల రాగానే మన ఇళ్ళలో రెండు పనులు జరుగుతాయి. అటకమీది రగ్గులు కిందికి దిగుతాయి, చలి గురించిన వాదన మొదలవుతుంది. ఈసారి చలి ఎక్కువని ఒకరంటే, ఇదేం చలి, మా కాలంలో చూడాలి అని ఇంకొకరు. అదే సమయానికి పొద్దుటి పేపరు వచ్చి, "ఈ తేదీకి ఇన్నేళ్ళలో ఇంత తక్కువ ఉష్ణోగ్రత నమోదు కాలేదు" అని ఒక వార్త పడేస్తుంది. ఇక వాదన ముదురుతుంది.

ముప్ఫై ఏళ్ళుగా లెడ్జర్ల మధ్య బతుకుతున్నవాణ్ణి కనుక, ఆ వార్త చదివినప్పుడల్లా నాకు మొదట తోచేది ఒకటే ప్రశ్న. ఇది ఏ పుస్తకంలోని లెక్క? ఎవరు రాశారు, ఎప్పటినుంచి రాస్తున్నారు? వ్యాపారం చేసేవాడికి చిట్టా ఎలాంటిదో, వాతావరణ శాఖకు రోజువారీ ఉష్ణోగ్రతల పట్టిక అలాంటిది. ఏ రోజు లెక్క ఆ రోజు రాయాలి, కొట్టివేతలు పనికిరావు, పేజీ చింపకూడదు. ఈ సంచికలో ఆ చిట్టాను కాస్త తిరగేద్దాం. చివర్లో మన సంఘానికి సంబంధించిన విషయం ఒకటుంది. అందుకోసమే ఇదంతా రాస్తున్నాను, కాబట్టి మధ్యలో వదిలేయకండి.

భివండీ పేరుతో నూరేళ్ళ ఉష్ణోగ్రత లెక్క ఏ పత్రికలోనూ నాకు కనిపించలేదు. మన ఊరి చలిని పేపర్లు చెప్పేది బొంబాయి లెక్కతోనే. బొంబాయికి రెండు చిట్టాలున్నాయి, కొలాబాది ఒకటి, శాంతాక్రజ్‌ది ఒకటి. కొలాబా వేధశాలను ఈస్ట్ ఇండియా కంపెనీవారు 1826లో స్థాపించారు. మన భారత వాతావరణ శాఖ పుట్టింది 1875లో. అంటే శాఖకంటే ఈ వేధశాల దాదాపు యాభై ఏళ్ళు పెద్దది. అక్కడ భూమి అయస్కాంతశక్తిని కొలిచే పరికరాలు కూడా ఉండేవి. నగరంలోకి విద్యుత్ ట్రాములు వస్తున్నాయని తెలిసి, వాటి కరెంటు కొలతలను పాడుచేస్తుందని ఆ పరికరాలను 1904లో అలీబాగ్‌కు తరలించారు. కొలత నమ్మదగినది కావాలంటే కొలిచే చోటు చుట్టూ ఏమి మారుతున్నదో కూడా కనిపెట్టి ఉండాలన్న సంగతి ఆనాటివారికి బాగా తెలుసు.

ఇప్పుడు శాంతాక్రజ్ చిట్టాలోని మూడు పేజీలు చూద్దాం. 1950 నవంబర్ 19న కనిష్ఠ ఉష్ణోగ్రత 13.3 డిగ్రీలు. ఆ కేంద్రంలో నవంబరు నెల మొత్తానికి ఇదే అతి తక్కువ. 1949 డిసెంబర్ 20న 10.6 డిగ్రీలు, డిసెంబరు నెలకు ఇదే అతి తక్కువ. 1962 జనవరి 22న 7.4 డిగ్రీలు. ఇది ఏ నెలకనే కాదు, ఆ చిట్టా మొత్తానికే అట్టడుగు.

మొదటి రెండు అంకెల్లో ఒక తమాషా ఉంది. 13.3ను పాత లెక్కలోకి మారిస్తే సరిగ్గా 56 ఫారెన్‌హీట్ డిగ్రీలు వస్తుంది. 10.6ను మారిస్తే 51. ఆ రోజుల్లో మన దేశంలో వాడుకలో ఉన్నది ఫారెన్‌హీట్ లెక్కే. అణాలు నయాపైసలైనట్టే చలి కూడా తరువాత సెంటీగ్రేడులోకి మారింది. మన పెద్దవాళ్ళకు జ్వరం ఇప్పటికీ ఫారెన్‌హీట్‌లోనే వస్తుందనుకోండి, అది వేరే సంగతి.

పేపర్లు "రికార్డు" అనే మాటను మూడు రకాలుగా వాడతాయి, వీటిని కలిపేసుకోకూడదు. ఒకటి ఆ తేదీ రికార్డు, అంటే ఇన్నేళ్ళ నవంబర్ 19లన్నిటిలో ఏది చల్లనిదని. రెండోది ఆ నెల రికార్డు. మూడోది అన్నికాలాల రికార్డు. మొదటిది చిన్న మెట్టు, మూడోది పెద్ద మెట్టు. నెలకంతటికీ అట్టడుగున ఉన్నది ఆ తేదీకి కూడా అట్టడుగే కావాలి కదా! కనుక నవంబర్ 19, డిసెంబర్ 20, జనవరి 22 తేదీల రికార్డులు ఏవో మనం ఇంకో పట్టిక చూడకుండానే చెప్పగలం. కానీ దీన్ని తిరగేసి చెప్పకూడదు. ఒక తేదీకి రికార్డు చలి వచ్చిందంటే ఆ నెలకే రికార్డు అని అర్థం కాదు. పక్క తేదీలో అంతకంటే చలి ఎన్నోసార్లు వచ్చి ఉండవచ్చు.

పోల్చి చూడటానికి ఒక ఉదాహరణ. 2024 డిసెంబర్ 9న శాంతాక్రజ్‌లో 13.7 డిగ్రీలు నమోదైంది. డిసెంబరులో తొమ్మిదేళ్ళలో ఇంత చలి లేదని పత్రికలన్నీ రాశాయి. మన చిన్న పిల్లలు స్వెట్టర్లు వేసుకుని మురిసిపోయారు. కానీ 1950లో అంతకన్నా చల్లని తెల్లవారుజాము నవంబర్ 19నే, అంటే ఇరవై రోజులు ముందుగానే వచ్చింది. తొమ్మిదేళ్ళ పుస్తకంలో మొదటి స్థానం వచ్చినవాడికి డెబ్బై అయిదేళ్ళ పుస్తకంలో ఎక్కడ స్థానం దొరుకుతుందో చూసుకోవాలి.

ఇలాంటి తేదీవారీ లెక్కలో ఇంగ్లండువాళ్ళది గట్టి పుస్తకం. మధ్య ఇంగ్లండు ఉష్ణోగ్రతలను 1772 నుంచి రోజువారీగా భద్రపరిచారు. ఏ తేదీ అడిగినా రెండు వందల యాభై ఏళ్ళ వరుస తీసి చూపిస్తారు. అమెరికాలో ఉన్న మన పిల్లలు చెబుతుంటారు, అక్కడ వాతావరణ వార్తల్లో ఆ రోజు వేడిమితోపాటు ఆ తేదీకి రావలసిన సగటు ఎంత, రికార్డు ఎంత, అది ఏ సంవత్సరానిది అనేవి కూడా చెప్పడం మామూలేనట. మనకు అలాంటి అలవాటు తక్కువ. మనకున్నది నోటిలెక్క.

నోటిలెక్కను నేను తక్కువ చేయడం లేదు. కానీ అందులో ఒక చిక్కుంది. పద్మానగర్‌లో మా వాడకట్టులో ఒక పెద్దమ్మ ఉంది, కరీంనగర్ వైపునుంచి పెళ్ళయి వచ్చింది. చలి మాట వస్తే చాలు అందుకుంటుంది.

"మా కాలంల చలి గిట్ల గాదు బిడ్డా! కార్తీకంల తెల్లారగట్ల చన్నీళ్ళు పోసుకుంటె పండ్లు టకటక కొట్టుకుంటుండె. గిప్పుడేడిది చలి?"

"కార్తీకంల ఏనాడు పెద్దమ్మా? మొదట్లనా, పున్నానికా?"

"పున్నానికే! దీపాలు వెట్టుకుంట వణికిపోతుంటిమి."

పెద్దమ్మ మాట అబద్ధం కాదు. చిక్కంతా పున్నమిది. 2023లో అధిక శ్రావణం వచ్చింది, కార్తీక పున్నమి నవంబర్ 27న పడింది. 2024లో అదే పున్నమి నవంబర్ 15కు జరిగింది. 2025లో నవంబర్ 5కే వచ్చేసింది. మూడేళ్ళలో ఇరవై రెండు రోజుల తేడా! మన వైపు నవంబరు మొదటి వారానికీ చివరి వారానికీ మధ్య చలిలో ఎంత తేడా ఉంటుందో రగ్గు కప్పుకునేవాడిని అడిగితే చెబుతాడు. చంద్రుణ్ణి బట్టి వచ్చే పండుగను గుర్తుగా పెట్టుకుని చలిని పోలిస్తే, ఒక ఏటి మార్చి బ్యాలెన్సును ఇంకో ఏటి ఫిబ్రవరి బ్యాలెన్సుతో పోల్చినట్టవుతుంది. "శివరాత్రికి చలి శివశివా అంటూ పోతుంది" అని సామెత. ఆ శివరాత్రి 2024లో మార్చి 8న వచ్చింది, 2025లో ఫిబ్రవరి 26న, 2026లో ఫిబ్రవరి 15న. పాపం చలి ఏ రోజున పోవాలో తెలియక తికమకపడుతుంది కాబోలు.

చలి సూర్యుడి లెక్క. కనుక పోలికకు సూర్యుణ్ణి బట్టి వచ్చే తేదీ కావాలి. మన పండుగల్లో అలాంటిది సంక్రాంతి. భోగిమంటల నాటి చలిని ఏటేటా పోల్చుకుంటే ఆ పోలిక చాలావరకు న్యాయంగా ఉంటుంది. అదైనా పూర్తిగా కదలనిది కాదు. వివేకానందుడు 1863లో పుట్టిన రోజు మకర సంక్రాంతి, ఇంగ్లీషు తేదీ జనవరి 12. ఇప్పుడు సంక్రాంతి 14న గానీ 15న గానీ వస్తున్నది. ఇంచుమించు డెబ్బై ఏళ్ళకు ఒక రోజు చొప్పున ముందుకు జరుగుతున్నది. ఒక మనిషి జీవితకాలంలో అదేమంత లెక్కలోకి రాదు.

ఇక లెక్క సంగతి. కామర్సు చదివిన పిల్లలకు ఇది ఇష్టంగా ఉంటుంది, తక్కినవాళ్ళు ఒక్క నిమిషం ఓపిక పట్టండి. ఒక కేంద్రంలో డెబ్బై అయిదేళ్ళుగా నవంబర్ 19 ఉష్ణోగ్రత రాస్తున్నారనుకోండి. వాతావరణంలో పెద్ద మార్పేమీ లేదనుకుందాం. ఈ ఏటి నవంబర్ 19 అన్నిటికంటే చల్లనిది కావడానికి అవకాశం ఎంత? డెబ్బై అయిదింట్లో ఒకటి. ఒక్క తేదీకి ఇది చిన్న అవకాశమే. కానీ ఏడాదికి తేదీలు 365. 365ను 75తో భాగించండి. దాదాపు అయిదు. అంటే ఏ వింతా జరగకపోయినా, ఒక్క కేంద్రంలోనే ఏడాదికి నాలుగైదు రోజులు "ఈ తేదీకి ఇంత చలి ఎన్నడూ లేదు" అని రాయడానికి వీలుగా ఉంటాయి! దేశంలో ఎన్ని కేంద్రాలున్నాయో తలచుకుంటే, పేపరువాళ్ళకు ఆ వార్తకు కరువెందుకు ఉండదో తెలుస్తుంది.

ఇంకో విశేషం. మొదటి ఏడు ఎంత వస్తే అదే రికార్డు, పోటీ లేదు కదా! రెండో ఏడు దాన్ని దాటడానికి సగం అవకాశం, మూడో ఏడు మూడోవంతు, అలా తగ్గుతూ పోతుంది. ఈ భిన్నాలను వరుసగా కూడితే, ఒక తేదీ రికార్డు మొదటి పదేళ్ళలో మూడుసార్లు పుడుతుంది, తరువాతి అరవై అయిదేళ్ళలో రెండుసార్లే. ఈ లెక్క తెలిస్తే కొత్త యంత్రాల వార్తలను ఎలా చదవాలో అర్థమవుతుంది. తెలంగాణలో ఇప్పుడు మండలాల్లో స్వయంచాలక వాతావరణ యంత్రాలు పెట్టారు. చాలా మంచి పని, రైతుకు ఎంతో ఉపయోగం. కానీ పదేళ్ళ యంత్రం చూపే "రికార్డు" వేరు, హైదరాబాదు పాత చిట్టాలోని రికార్డు వేరు. హైదరాబాదులో 1946 జనవరి 8న నమోదైన 6.1 డిగ్రీలు ఇన్ని దశాబ్దాలుగా చెక్కు చెదరలేదు. నిన్న మొన్న పుట్టిన ఖాతాకు ఆ హోదా రావాలంటే ఇంకా చాలా కాలం నడవాలి.

మరి వాతావరణం నిజంగా మారుతున్నదా అంటే, మారుతున్నది. ప్రభుత్వ భూవిజ్ఞాన శాఖ 2020లో ప్రచురించిన అంచనా ప్రకారం 1901 నుంచి 2018 వరకు మన దేశ సగటు ఉష్ణోగ్రత 0.7 డిగ్రీల మేర పెరిగింది. అది చిన్న అంకెలా కనిపిస్తుంది. కానీ సగటు కాస్త జరిగినా చివరలు చాలా జరుగుతాయి. అమెరికాలో తేదీవారీ రికార్డులను లెక్కపెట్టిన పరిశోధకులు 2009లో ఒక ఫలితం ప్రకటించారు. వాతావరణం నిలకడగా ఉంటే వేడి రికార్డులూ చలి రికార్డులూ సమానంగా రావాలి. 2000 తరువాతి దశకంలో ఒక చలి రికార్డుకు రెండు వేడి రికార్డులు చొప్పున వచ్చాయి. చలి రికార్డులు ఆగిపోలేదు, అరుదయ్యాయి. "ఇంత చలి వేస్తుంటే భూమి వేడెక్కిందంటారేమిటి" అని అడిగేవారికి ఇదే సమాధానం. ఒక్క రోజు డ్రాయల్ చూసి ఖాతా స్థితి చెప్పకూడదు.

శాంతాక్రజ్ విషయంలో ఇంకొకటి కూడా గమనించాలి. 1950 నాటికి విమానాశ్రయం చుట్టూ ఉన్నది ఇప్పటి నగరం కాదు. కాంక్రీటూ తారూ పగటి వేడిని దాచుకుని రాత్రి మెల్లగా వదులుతాయి. అందుచేత ఆ పాత 13.3ను ఈ నగరం మళ్ళీ చూడటం కష్టం. ఒకే రోజున ఒకే నగరంలో కూడా చోటు మారితే చలి మారుతుంది. 1962 జనవరి 22న శాంతాక్రజ్‌లో 7.4 డిగ్రీలుంటే, కొలాబాలో 11.7. కొలాబాకు కూడా అన్నికాలాల రికార్డు ఆ రోజుదే. అదే తెల్లవారుజాము, అదే ఉత్తరపు గాలి, మధ్యలో నాలుగు డిగ్రీల పైచిలుకు తేడా. కొలాబాకు మూడు వైపులా సముద్రం. నీళ్ళు పగలు తాగిన వేడిని రాత్రంతా పంచిపెడతాయి.

మన భివండీ సముద్రానికి ఇంకా దూరం. మనకూ శాంతాక్రజ్‌కూ మధ్య ఖాడీ ఉంది, నేషనల్ పార్కు కొండలున్నాయి. సముద్రానికి దూరమైనకొద్దీ శీతాకాలపు రాత్రి చల్లబడుతుంది. కల్యాణ్, బద్లాపూర్ దాటి వెళ్ళేవారికి ఇది అనుభవమే. హిమాలయాల్లో మంచు కురిసి, మబ్బులు తొలగి, ఉత్తరపు గాలి దిగినప్పుడు ఆకాశం నిర్మలంగా ఉంటుంది. భూమి వేడి అడ్డు లేకుండా పైకి పోతుంది. తెల్లవారి సూర్యుడు పైకి వచ్చే వేళకు చలి అట్టడుగుకు చేరుతుంది. అదే నవంబరులో సముద్రంలో వాయుగుండం పట్టి మబ్బు కమ్మిందంటే రాత్రి దుప్పటి కూడా అక్కర్లేదు. ఒకే తేదీకి ఒక ఏడు చెమట, ఇంకో ఏడు వణుకు ఎందుకో దీన్నిబట్టి తెలుస్తుంది.

మన ఊళ్ళో చలి సంగతి వాతావరణ శాఖ పట్టికలో ఒక గడి మాత్రమే కాదు. సాంచాల మీద బతికే ఊరు ఇది. చలితోపాటు వచ్చే పొడిగాలికి నూలులోని తేమ తగ్గుతుంది. పడుగు పోగులు పెళుసెక్కి తెగుతాయి. పోగు తెగితే సాంచా ఆగుతుంది, అతికి మళ్ళీ నడపాలి. మీటరు లెక్కన కూలి తీసుకునేవాడికి ఆగిన ప్రతి నిమిషం నష్టమే. కార్ఖానాల్లో నేలమీద నీళ్ళు చల్లడం మనకు తెలిసిందే. ఇక సైజింగుల పొగ. చలికాలపు తెల్లవారుజామున నేల దగ్గరి గాలి చల్లగా బరువుగా ఉంటుంది, దానిమీద వెచ్చని గాలి మూతలా కూర్చుంటుంది. పొగ పైకి పోలేక మన వీధుల్లోనే తిరుగుతుంది. ఆయాసం ఉన్నవాళ్ళకు ఆ నెలల్లో ఎక్కువ కావడానికి ఇది ఒక కారణం.

అన్నిటికంటే ముఖ్యం మనిషి. పన్నెండు గంటల రాత్రి పాళీలో మోటార్ల వేడిలో చెమటలు కక్కి, తెల్లవారి ఒక్క బనీనుతో బయటికి వచ్చేవాడికి ఆ చలి ఎలా తగులుతుందో ఆలోచించండి. రేకుల కింద అటకమీద పడుకునేవాళ్ళు, కార్ఖానాలోనే ఒక మూల చాప వేసుకునేవాళ్ళు, కొడుకుల దగ్గరికి ఊరినుంచి వచ్చి వరండాలో మంచం వేసుకునే ముసలివాళ్ళు మనలో ఎందరో ఉన్నారు. మైదాన ప్రాంతాల్లో కనిష్ఠం 10 డిగ్రీలకు దిగి, మామూలుకంటే 4.5 డిగ్రీలు తక్కువైతేనే వాతావరణ శాఖ "శీతల పవనాలు" అని ప్రకటిస్తుంది. ఆ ప్రకటన మన వైపు అరుదు. అందుకని ఇక్కడ చలి ప్రమాదం లేదనుకుంటే పొరపాటు. మన దేశంలో మరణాలనూ ఉష్ణోగ్రతలనూ జతచేసి చూసిన ఒక పెద్ద అధ్యయనం 2018లో వెలువడింది. అతి చలి రోజుల్లోకంటే, అతి వేడి రోజుల్లోకంటే, మోస్తరు చలి రోజుల్లోనే ఎక్కువ మరణాలు ముడిపడి ఉన్నాయని అందులో తేలింది. ఒక్కొక్క మోస్తరు రోజు చేసే హాని తక్కువే, కానీ అలాంటి రోజులు చాలా ఎక్కువ. చిన్న చిన్న వడ్డీలే ఏడాది చివరికి పెద్ద మొత్తం అవుతాయి కదా! పేపర్లోకి ఎక్కే రికార్డు రోజు కాదు, పేపర్లోకి ఎక్కని నలభై మామూలు రాత్రులే ముసలి గుండెకూ పసి ఊపిరికీ బరువు.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. మన సంఘం ఏటా రగ్గులు పంచుతున్నది. మంచి సంప్రదాయం, అందులో మీ అందరి చేయీ ఉంది. అయితే ఆ పంపిణీ సంక్రాంతి సభలో జరుగుతున్నది. వేదిక, దండలు, ఫొటోలు, ముగ్గుల పోటీ బహుమతులు, వాటితోపాటు రగ్గులు. జనవరి మధ్యలో రగ్గు అందుకున్నవాడికి ఆ ఏడు అది నికరంగా ఉపయోగపడేది ఒక నెల. శివరాత్రి నాటికి మడిచి పెట్టేస్తాడు. అదే రగ్గు నవంబరు మధ్యలో చేతికి వస్తే మూడు నెలలు కప్పుకుంటాడు. ఖర్చు అంతే, రగ్గు అదే. ముందు వేసిన డిపాజిట్టుకు వడ్డీ ఎక్కువ వస్తుందని మీకు నేను చెప్పనక్కరలేదు.

ఏ తేదీ పెట్టుకోవాలి? చిట్టా ఏం చెబుతున్నదో చూడండి. సముద్రపు గాలి తగిలే శాంతాక్రజ్‌లోనే నవంబర్ 19 నాటికి 13.3 డిగ్రీలు రాగలిగింది. అక్కడ నవంబరు రాత్రుల సగటు 21 డిగ్రీల చేరువలో ఉంటుంది. అంటే చలి తన సగటుకంటే ఎనిమిది డిగ్రీలు కిందికి, డిసెంబరు రాకముందే దిగగలదు. ఏటా అలా దిగుతుందని కాదు. దిగిన రోజున మన దగ్గర రగ్గు సిద్ధంగా ఉండాలి. కనుక నవంబరు మూడో ఆదివారం పెట్టుకుందామని నా సూచన. మూడో ఆదివారం ఎప్పుడూ 15కూ 21కీ మధ్యలోనే పడుతుంది. దీపావళి ఎంత ఆలస్యంగా వచ్చినా అప్పటికి అయిపోతుంది. పండుగకు ఊళ్ళకు వెళ్ళిన కార్మికులు తిరిగి వచ్చి సాంచాలు నడిచే రోజులవి. తిథినిబట్టి పెట్టుకుంటే ఏటా జరుగుతూ ఉంటుంది కనుక, ఈ ఒక్క పనికి తేదీ లెక్కే పెట్టుకుందాం.

కొందరు పెద్దలు, "సంక్రాంతి సభకే దాతలు వస్తారు, మరి నిధులెలా?" అంటున్నారు. న్యాయమైన ప్రశ్నే. నా సమాధానం ఏమిటంటే, ఈ ఏటి సంక్రాంతి సభలో పోగైన చందాను వచ్చే నవంబరు కోసం స్వల్పకాలిక డిపాజిట్టులో ఉంచుదాం. దాతల పేర్లు సంక్రాంతి సభలోనే చదువుదాం, దండలు అక్కడే వేద్దాం. రగ్గులు మాత్రం ముందే వాడలోకి వెళ్ళాలి. మొదటి సంవత్సరం ఒక్కసారి రెట్టింపు సర్దుబాటు కావలసి వస్తుంది. దానికి దసరా నుంచి దీపావళి వరకు ఇంటింటికీ తిరిగి అడుగుదాం. నేనూ తిరుగుతాను.

రగ్గు ఇచ్చేటప్పుడు ఒక మాట కూడా చెప్పి రావాలి. తలుపులూ కిటికీలూ మూసిన గదిలో బొగ్గుల కుంపటి పెట్టుకుని పడుకోవద్దని. ఆ బొగ్గునుంచి వచ్చే కార్బన్ మోనాక్సైడుకు వాసన ఉండదు, రంగు ఉండదు, నిద్రలోనే ప్రాణం తీస్తుంది. అటకలమీద పడుకునే కుర్రవాళ్ళకు ఇది మరీ మరీ చెప్పాలి.

ఇక పిల్లలకు ఒక పని. మన భివండీకి మన చిట్టా ఒకటి మొదలుపెట్టండి. సెల్‌ఫోనులో కనిపించే ఉష్ణోగ్రత మీ వీధిలో కొలిచింది కాదు, చుట్టుపక్కల కేంద్రాలనుబట్టి కంప్యూటరు వేసిన అంచనా. గరిష్ఠం, కనిష్ఠం రెండూ చూపే థర్మామీటరు ఒకటి కొనుక్కోండి. వాతావరణ శాఖవారు థర్మామీటర్లను గాలి ఆడే తెల్లని చెక్కపెట్టెలో, నేలకు సుమారు నాలుగు అడుగుల ఎత్తున పెడతారు. ఆ పెట్టెను రూపొందించింది థామస్ స్టీవెన్‌సన్ అనే లైట్‌హౌస్ ఇంజనీరు. మీరు ఇంగ్లీషు పాఠాల్లో చదివే "ట్రెజర్ ఐలండ్" రచయితకు ఆయన తండ్రి. మీకు పెట్టె లేకపోతే ఎండ తగలని ఉత్తరం వైపు చూసుకోండి. రేకులకూ, గోడకూ, మోటార్లకూ దూరంగా ఉంచండి. వాతావరణ శాఖ కనిష్ఠాన్ని పొద్దున ఎనిమిదిన్నరకు రాస్తుంది, మీరు బడికి వెళ్ళేముందు ఒకే వేళకు రాయండి. విశేషం లేని రోజు కూడా రాయండి. చోటు మారిస్తే ఆ సంగతి కూడా రాయండి. పుస్తకంలో ఒక్కో తేదీకి ఒక్కో పేజీ కేటాయించుకుంటే, ఏటేటా ఆ పేజీలో ఒక్కో వరుస చేరుతుంది.

మొదటి ఏడు మీరు రాసిందల్లా రికార్డే, గర్వపడండి! పదేళ్ళకు అది పుస్తకం అవుతుంది. ఈ లోపల కామత్‌ఘర్, పద్మానగర్ పిల్లలు ఇద్దరు ముగ్గురు వేరువేరు చోట్ల రాసి పోల్చుకుంటే వరాలాదేవి చెరువు పక్కన ఎంత, సాంచాల మధ్య ఎంత అన్నది కూడా తేలుతుంది. ముప్ఫై ఏళ్ళ వరుస ఉంటే దాన్ని సగటు కట్టడానికి సరిపోయే లెక్కగా ప్రపంచమంతటా ఒప్పుకుంటారు. అప్పటికి మీరు పెద్దమ్మలూ పెద్దనాన్నలూ అయి, మా కాలంలో చలి ఇలా ఉండేది అని చెప్పేటప్పుడు మీ చేతిలో కాగితం ఉంటుంది.

రగ్గుల తేదీ మార్పు విషయం వచ్చే కార్యవర్గ సమావేశంలో పెడుతున్నాను. అనుకూలమో ప్రతికూలమో మీ అభిప్రాయాన్ని అంతకుముందే కార్యాలయానికి తెలియజేయండి. మీ వాడలో రాత్రి పాళీ చేసేవారు, ఒంటరిగా ఉన్న ముసలివారు ఎందరున్నారో లెక్కవేసి ఆ జాబితా కూడా జతచేస్తే, ఎన్ని రగ్గులు కావాలో దీపావళికి ముందే తేలిపోతుంది.